కసరత్తు చేసే కుర్రాళ్లకు అంగస్తంభన సమస్య: ఇప్పటిదాకా తెలిసిందేమిటి?

పడుచు మగవాళ్లలో ఎంతమందికి అంగస్తంభన సమస్య ఉంది? అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే వివరాలను 2007లో విశ్లేషించినవారు, 20 నుంచి 39 ఏళ్లవారిలో 5 శాతం మందికి అన్నారు. స్విట్జర్లాండ్‌లో 18 నుంచి 25 ఏళ్ల కుర్రాళ్లను అడిగి 2012లో ప్రచురించిన లెక్క దాదాపు 30 శాతం. ఇటలీలోని మిలాన్‌లో ఈ సమస్యతో మొదటిసారి ఆసుపత్రికి వచ్చిన 439 మంది వివరాలు 2013లో అచ్చయ్యాయి. వారిలో ప్రతి నలుగురికి ఒకరు 40 ఏళ్లు దాటనివారే. ఆ చిన్నవాళ్లలోనూ దాదాపు సగం మందిది తీవ్రమైన సమస్య.

ఈ మూడు లెక్కలకూ పొంతన లేనట్టు కనిపిస్తుంది కానీ, అడిగిన తీరు వేరు, అడిగింది వేరువేరు మనుషులను. అమెరికా సర్వే ఒకే ఒక్క ప్రశ్న వేసింది. స్విస్ పరిశోధకులు మార్కులు వేసే ప్రశ్నావళి ఇచ్చారు. అందులో కాస్త తడబాటున్నా లెక్కలోకి వస్తుంది, అందుకే వాళ్లకు దొరికినవి ఎక్కువగా స్వల్పమైన ఇబ్బందులు. మిలాన్‌లోనివారు బాధ భరించలేక డాక్టరు దగ్గరికి వచ్చినవారు. అక్కడ తేలిన ఇంకో సంగతి మన చర్చకు ముఖ్యం. ఆ చిన్నవాళ్లు పెద్దవాళ్లకంటే సన్నగా ఉన్నారు, జబ్బులు తక్కువ, టెస్టోస్టిరోన్ ఎక్కువ. సిగరెట్లు, మాదకద్రవ్యాల వాడకం మాత్రం వాళ్లలోనే ఎక్కువ. అంటే చూడటానికి నిక్షేపంగా ఉన్న మనిషికీ ఈ బాధ ఉండొచ్చు. వాడిని చూసి 'నీకేంరా, గుర్రంలా ఉన్నావు' అని పంపేసే డాక్టరూ, 'టెస్టోస్టిరోన్ పడిపోయింది, ఇంజెక్షన్ వేస్తా' అనే జిమ్ కోచూ ఇద్దరూ పొరబడుతున్నారు. మొదటివాడు తలుపు మూస్తే కుర్రవాడు నేరుగా రెండోవాడి దగ్గరికే వెళ్తాడు.

ఏది సమస్యో, ఏది కాదో ముందు చెప్పుకోవాలి. ఒకటి రెండు రాత్రులు కుదరకపోవడం జబ్బు కాదు. అలసట, తాగుడు, కొత్త చోటు, కొత్త మనిషి, ఏదైనా చాలు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం ఇంచుమించు ఆరు నెలలపాటు, ప్రయత్నించిన సందర్భాల్లో కనీసం మూడొంతులు విఫలమై, అది మనిషిని కలతపెడుతుంటేనే దాన్ని రుగ్మతగా లెక్కించాలి. ఇరవై ఐదేళ్ల కుర్రవాడు ఆరు నెలలు ఆగడు, రెండోసారికే వణికిపోతాడు. ఆ వణుకే అసలు రోగంగా మారే దారి ఒకటుంది.

ఆ దారి తెలియాలంటే శరీరం చేసే పని తెలియాలి. స్తంభన అంటే కండ బిగించడం లాంటిదని జిమ్‌కు వెళ్లే పిల్లల్లో చాలామంది అనుకుంటారు. అక్కడ జరిగేది సడలింపు. వెన్నుపాము అడుగుభాగం నుంచి వచ్చే నరాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. దాంతో అంగంలోని స్పంజిలాంటి కణజాలంలో నునుపు కండరం వదులై రక్తం నిండుతుంది. నిండిన కణజాలం చుట్టూ ఉన్న గట్టి పొరకేసి సిరలను నొక్కేస్తుంది. చెరువు నిండాక తూము మూసినట్టు వచ్చిన రక్తం అక్కడే నిలుస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాల మీద చేసే పనిని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సడలింపును క్షణాల్లో చెడగొట్టేది అడ్రినలిన్. భయం వేసినా, పరుగెత్తినా, పోట్లాటకు సిద్ధమైనా శరీరం దాన్ని వదులుతుంది, నునుపు కండరం బిగుసుకుంటుంది, రక్తం వెనక్కి పోతుంది. కాబట్టి 'ఇది మానసికం' అన్నంత మాత్రాన 'ఏమీ లేదు' అని అర్థం కాదు. మనసులో పుట్టిన భయం అంగంలోని కండరం మీద మందు పనిచేసినంత ఖచ్చితంగా పనిచేస్తుంది.

వైద్యం మనసు, శరీరం ఈ రెంటి మధ్యా చాలాకాలం ఊగిసలాడింది. 1970లో అమెరికా లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్‌లు ఈ సమస్యలో అత్యధిక భాగం మనసుదేనన్నారు. 1983లో లాస్ వేగాస్‌లో జరిగిన యూరాలజిస్టుల సభలో గైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు తనకు తానే ఇంజెక్షన్ చేసుకొని వచ్చి, కోరికతో పని లేకుండా మందుతోనే స్తంభన వస్తుందని సభికుల కళ్లముందే చూపించాడు. 1998 మార్చిలో అమెరికాలో వయాగ్రాకు అనుమతి వచ్చాక ఊపు పూర్తిగా రక్తనాళాల వైపు మళ్లింది. మాత్ర పనిచేస్తోంది కదా, మనసు గొడవ ఎందుకన్నారు. పడుచువాళ్ల విషయంలో ఈ మలుపు నష్టమే చేసిందని నా అభిప్రాయం. మాత్ర చేతికి దొరికింది, మాట్లాడే మనిషి దొరకలేదు.

మన దగ్గర ఆ మాట్లాడే మనిషి అవసరం ఎంతో శోభనం గదిని చూస్తే తెలుస్తుంది. మూడు రోజుల పెళ్లి హడావుడి, నిద్రలేని రాత్రులు, బంధువులతో కిక్కిరిసిన ఇల్లు. అంతకు ముందు పట్టుమని పది నిమిషాలు ఏకాంతంగా మాట్లాడుకోని ఇద్దరిని పాలగ్లాసుతో గదిలోకి పంపి తలుపు వేస్తారు. తెల్లారేసరికి పెళ్లికొడుకు ఫోన్‌లో స్నేహితుల మెసేజ్‌లు, వసారాలో వదినల ముసిముసి నవ్వులు. ఆ రాత్రి అతని ఒంట్లో ఉన్నది అడ్రినలిన్. కుదరకపోతే రెండో రాత్రి తన్ను తాను బయట నిలబడి చూసుకోవడం మొదలుపెడతాడు, 'వస్తోందా, పోతోందా' అని. మాస్టర్స్, జాన్సన్‌లు సరిగ్గా ఈ ప్రేక్షకుడి అవస్థనే వర్ణించారు. వాళ్లు సూచించిన చికిత్స నేటికీ నిలిచింది. కొన్ని వారాలపాటు కలయిక ప్రయత్నమే చేయొద్దని ఇద్దరికీ చెబుతారు. తాకడం, కబుర్లు, దగ్గరితనం మాత్రమే. పరీక్ష లేదని తెలిశాక భయం దిగుతుంది, శరీరం తన పని తాను చేసుకుంటుంది. ఇక్కడ భార్య పాత్ర పెద్దది. కానీ మన మగవాళ్లు డాక్టరు దగ్గరికి ఒంటరిగానే వస్తారు, ఆమెకు తెలియనివ్వకుండా. ఏమీ చెప్పకుండా పక్కకు తిరిగి పడుకునే భర్తను చూసి తనంటే ఇష్టం లేదేమోనని ఆ అమ్మాయి కుమిలిపోతుంది.

దీనికి తోడు చిన్నప్పటి నుంచి తలకెక్కిన భయాలు. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడతాయని, వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోతుందని నమ్మే కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వీర్యనష్టం భయంతో వచ్చే ఈ అలజడికి మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఒ.పి. గదిలో కుర్రవాడు 'అంగస్తంభన' అనడు. 'నరాల వీక్‌నెస్ సార్' అంటాడు. డాక్టరు దాన్ని మాటవరసగా తీసుకొని బి-కాంప్లెక్స్ రాస్తే కథ అక్కడితో ఆగిపోతుంది. విజయవాడ డాక్టర్ జి. సమరం ఏళ్ల తరబడి పత్రికల్లో ఇలాంటి ప్రశ్నలకు మొహమాటం లేకుండా జవాబులిచ్చారు. ఆ పని ఇంకా ఎంతోమంది చేయాల్సి ఉంది.

మరి మనసుదో, ఒంటిదో తేల్చుకోవడం ఎలా? దీనికి ఖరీదైన యంత్రం కంటే నాలుగు ప్రశ్నలు మేలు. తెల్లవారుజామున స్తంభన వస్తోందా? ఒంటరిగా ఉన్నప్పుడు వస్తోందా? సమస్య ఒక్క రోజులో ఊడిపడిందా, నెలల తరబడి మెల్లగా పెరిగిందా? కోరిక ఎలా ఉంది? ఆరోగ్యంగా ఉన్న మగవాడికి రాత్రి నిద్రలో, కలలు వచ్చే దశల్లో, మూడు నుంచి ఐదు సార్లు స్తంభన వస్తుంది. అది వస్తూ, భార్య దగ్గర మాత్రమే కుదరకపోతే రక్తనాళాలు, నరాలు బాగానే ఉన్నాయని చాలావరకు నమ్మొచ్చు. ఎక్కడా రాకపోతే, మెల్లమెల్లగా తగ్గుతూ వస్తే, లేదా కోరికే చచ్చిపోతే ఒంట్లో వెతకాలి.

ఒంట్లో వెతికేటప్పుడు కసరత్తు చేసే కుర్రవాడిని తప్పకుండా అడగాల్సింది జిమ్ ఇంజెక్షన్ల గురించి. 'కోర్సు', 'సైకిల్' అని వాళ్లు పిలుచుకునేది టెస్టోస్టిరోన్, నాండ్రొలోన్ లాంటి అనబాలిక్ స్టెరాయిడ్ల వాడకమే. వాడుతున్నంతకాలం కోరిక ఉరకలు వేయొచ్చు. కానీ బయటి నుంచి హార్మోన్ వచ్చిపడుతుంటే మెదడులోని పిట్యూటరీ గ్రంథి వృషణాలకు సందేశం పంపడం ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు అడుగంటుతాయి. ఇంజెక్షన్ మానేసిన రోజు ఒంట్లో బయటి హార్మోనూ ఉండదు, లోపలిదీ ఉండదు. డెన్మార్క్ పరిశోధకులు 2016లో వెల్లడించిన ఫలితాల్లో, మానేసి సగటున రెండేళ్లు దాటిన మాజీ వాడకందార్లలో నాలుగో వంతుకు పైగా మందికి టెస్టోస్టిరోన్ మామూలు స్థాయికి చేరలేదు. దిగులు, స్తంభన లోపం కూడా వాళ్లలో ఎక్కువ. ఈ నీరసం భరించలేక కుర్రవాడు మళ్లీ సూది పట్టుకుంటాడు. కొన్ని ప్రొటీన్ డబ్బాల్లోనూ, 'బూస్టర్ల'లోనూ పేరు రాయకుండా ఇవే కలుపుతారు కాబట్టి, 'నేనేమీ వాడటం లేదు సార్' అన్నవాడు కూడా తెలియక వాడుతూ ఉండొచ్చు.

హైదరాబాద్ జిమ్‌లలో ఈమధ్య మరో ప్రమాదం పాకింది. మెఫెంటర్మిన్ అనే ఇంజెక్షన్‌ను అక్రమంగా అమ్మేవారిని నగర పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చాక బీపీ పడిపోతే లేపడానికి వాడే మందు అది. బరువులు ఇంకాసేపు ఎత్తొచ్చని కుర్రాళ్లు దాన్ని పొడిపించుకుంటున్నారు. అడ్రినలిన్ జాతి రసాయనాలను ఎగదోసి రక్తనాళాలను బిగించే మందు, స్తంభనకు కావాల్సిన సడలింపుకు నేరుగా ఎదురు. గుండెకు చేసే చేటు దానికంటే ముందుంటుంది.

సూదులేవీ లేకపోయినా అతి కసరత్తు ఒక్కటే కోరికను తగ్గించగలదు. మారథాన్, ట్రయథ్లాన్ లాంటి దీర్ఘ సాధనల్లో ఉన్న 1,077 మంది మగవాళ్లను పరిశోధకుడు ఆంథొనీ హాక్నీ బృందం ప్రశ్నించింది. 2017లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం సాధన తీవ్రత, వ్యవధి పెరిగినవారిలో కోరిక తక్కువగా కనిపించింది. ఖర్చుపెట్టిన శక్తికి తగ్గ తిండి లేకపోతే శరీరం సంతానం పని పక్కనపెట్టి ప్రాణం నిలుపుకునే పని చూసుకుంటుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ఒక పేరు పెట్టి, ఇది క్రీడాకారిణులకే కాదు మగవాళ్లకూ ఉందని గుర్తించింది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాడిని చూడండి. తెల్లవారుజామున మైదానం, పగలు కోచింగ్, రాత్రి పన్నెండు దాకా చదువు, హాస్టల్ తిండి. నిద్ర ఒక్కటి తగ్గినా చాలు. షికాగోలో సగటున 24 ఏళ్ల ఆరోగ్యవంతులు పదిమందిని వారం రోజులపాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టిరోన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని 2011లో రాశారు. పదిమందితో చేసిన చిన్న ప్రయోగమే, అయినా ఏ డాక్టరైనా మందు రాయకముందు నిద్ర గురించి అడగడానికి అది చాలు.

ఇక సైకిల్ తొక్కడం. సన్నటి, ముందుకు పొడుచుకొచ్చిన సీటు మీద కూర్చుంటే వృషణాలకూ మలద్వారానికీ మధ్యనున్న చోట బరువంతా పడుతుంది. అంగానికి వెళ్లే నరాలూ నాళాలూ అక్కడి నుంచే పోతాయి. నార్వేలో 540 కిలోమీటర్ల పోటీలో పాల్గొని ప్రశ్నలకు బదులిచ్చిన 160 మంది మగవాళ్లలో 21 మంది ఆ తర్వాత స్తంభన ఇబ్బంది పడ్డామన్నారు. అందులో 11 మందికి అది వారం దాటింది. ఈ పరిశోధన 1997 నాటిది. తర్వాత వచ్చిన పెద్ద సర్వేలు, 2014లో బ్రిటన్‌లోదీ, 2018లో సైకిలిస్టులను ఈతగాళ్లతో, పరుగువీరులతో పోల్చి చూసినదీ, సైకిల్ తొక్కడానికీ అంగస్తంభన లోపానికీ సంబంధం కనిపించలేదన్నాయి. నాకు తోచిన తీర్పు ఇది: సైకిల్ మానక్కర్లేదు, ఆ చోటు మొద్దుబారడాన్ని మాత్రం పట్టించుకోవాలి. అమెరికాలో సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులకు ఆరు నెలలపాటు ముక్కు లేని సీట్లు ఇస్తే, మొద్దుబారడం లేదన్నవాళ్లు 27 శాతం నుంచి 82 శాతానికి పెరిగారు. సీటు మార్చండి, ఎత్తు సరిచూసుకోండి, మధ్యమధ్య పెడల్ మీద లేచి నిలబడండి.

వాడే మందులు కూడా చూడాలి. జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ వాడే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. కొద్దిమందిలో కోరిక, స్తంభన తగ్గడం తెలిసిన దుష్ఫలితమే. మానేశాక కూడా లైంగిక ఇబ్బందులు కొనసాగినట్టు వచ్చిన ఫిర్యాదులను 2012లో అమెరికా ఔషధ సంస్థ మందు వివరపత్రంలో చేర్పించింది. దిగులుకు, ఆందోళనకు వాడే ఎస్.ఎస్.ఆర్.ఐ. జాతి మాత్రలూ కోరికను, స్కలనాన్ని మందగింపజేస్తాయి. అలాగని వాటిని సొంతంగా ఆపేయడం ప్రమాదం. రాసిన డాక్టరుకే చెబితే మోతాదో మందో మారుస్తారు. సిగరెట్, గుట్కా, మద్యం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, అన్నీ చేటే. అశ్లీల వీడియోల మీద గట్టి వాదాలు నడుస్తున్నాయి కానీ వాటి వల్లే స్తంభన పోతుందనడానికి స్థిరమైన రుజువు దొరకలేదు. వీడియో చూస్తే వచ్చేది భార్య దగ్గర రావడం లేదంటే కొన్నాళ్లు మానేసి చూడటంలో నష్టం లేదు, అపరాధ భావంతో కుంగిపోవాల్సిన పని అంతకంటే లేదు.

కండలు చూసి ఎవరూ తోసిపుచ్చకూడని కారణం మరొకటుంది. అంగానికి రక్తం తెచ్చే ధమనుల వ్యాసం ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె ధమనులది మూడు నాలుగు. నాళాల లోపలి పొర చెడితే ముందు సన్నవాటిలోనే తెలుస్తుంది. మిన్నెసోటాలో పదేళ్లు వెంబడించి 2009లో వెల్లడించిన పరిశోధనలో, 40 నుంచి 49 ఏళ్ల మధ్య స్తంభన లోపం ఉన్నవారికి గుండెధమనుల జబ్బు రావడం, లేనివారికంటే దాదాపు 50 రెట్లు ఎక్కువగా కనిపించింది. ముప్ఫైల్లో ఉన్నవారికి ఈ అంకె యథాతథంగా వర్తించదు. కానీ మనవాళ్లకు షుగరు చిన్న వయసులోనే వస్తోంది, పొట్ట కనిపించని సన్నటివాళ్లకూ వస్తోంది. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ సర్వే దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారంది. తండ్రికి యాభైలోపే గుండెపోటు వచ్చిన ఇంట్లో కొడుకు ఈ సమస్యతో వస్తే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూడకుండా పంపకూడదు. ఉదయం పదకొండులోపు తీసిన రక్తంలో టెస్టోస్టిరోన్ కూడా చూడాలి. తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి, ఒక్క రిపోర్టుతో తేల్చేయకూడదు. అంగంలో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ అందరికీ అక్కర్లేదు. కింద దెబ్బ తగిలినవాళ్లకూ, మాత్రలకు లొంగనివాళ్లకూ మాత్రమే అవసరమవుతుంది.

చికిత్స సంగతి. సిల్డెనాఫిల్ (వయాగ్రా), టాడలాఫిల్ మంచి మందులే. భయంతో మొదలైన సమస్యలో కూడా కొన్నాళ్లు డాక్టరు సలహాతో వాడితే ధైర్యం తిరిగొస్తుంది, తర్వాత ఆపొచ్చు. మందుల షాపులో చీటీ లేకుండా, స్నేహితుడి జేబులోంచి తీసుకొని మింగేది కాదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకొనే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులతో కలిస్తే బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. నాలుగు గంటలు దాటి స్తంభన దిగకపోతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. గోడల మీద, బస్సుల్లో, ఇప్పుడు ఫోన్ తెరల మీద కనిపించే 'గ్యారంటీ' మూలికల ప్రకటనలు చట్టవిరుద్ధం. లైంగిక సామర్థ్యం పెంచుతామన్న ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అలాంటి మూలికా పొడుల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపిన ఉదంతాలు అనేక దేశాల్లో బయటపడ్డాయి. ఫలానా రోజు ఫలానా లాడ్జిలో దొరుకుతానని చెప్పే మనిషికి తర్వాత ఏం జరిగినా బాధ్యత ఉండదు.

కసరత్తు మీద అపనమ్మకం వద్దు. కదలిక లేక, లావెక్కి, బీపీతో వచ్చిన స్తంభన లోపానికి వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాల చొప్పున చెమటపట్టే వ్యాయామం ఆరు నెలలు చేస్తే మెరుగవుతుందని 2018లో పరిశోధనలను సమీక్షించినవారు చెప్పారు. అంతకంటే చాలా ఎక్కువ చేసేవాడికి మాత్రం ఇంకా చెయ్యమని చెప్పడం వైద్యం కాదు. వాడికి విశ్రాంతి, తిండి, నిద్ర రాసివ్వాలి.

ఈ బాధ పడుతున్న కుర్రవాళ్లకు ఒక మాట. ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, బయటైనా యూరాలజీ లేదా జనరల్ మెడిసిన్ డాక్టరును కలవండి. జిమ్‌లో వేసుకున్నవన్నీ, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో దాచకుండా చెప్పండి, అది తెలియకపోతే రిపోర్టులు ఎవరికీ అర్థం కావు. పిల్లలు కావాలనుకుంటే ఆ మాట ముందే చెప్పండి, ఎందుకంటే అలాంటివాళ్లకు టెస్టోస్టిరోన్ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. భయమో దిగులో పట్టుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పెళ్లయినవాళ్లు డాక్టరు దగ్గరికి భార్యతో కలిసి వెళ్లండి.